పుష్పలత పరుగెత్తే వేళ

పూనెంవారి గుంపు అనే ఆ అడవి పల్లెలో పుష్పలత మొదటిసారి పరుగెత్తిన పొద్దున ముగ్గురు ముసలమ్మలు ఏడుపు ఎత్తుకున్నారు.

అప్పటికింకా చీకటి పూర్తిగా విడలేదు. ఎర్రమట్టి దారిలో ఎవరో ఉరికివస్తున్న అడుగుల చప్పుడు విని, పొయ్యి మీద జావ కలుపుతున్న గంగక్క గరిటె అక్కడే వదిలేసి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమె గొంతెత్తగానే పక్కింటి గొంతు కలిసింది, ఆ తర్వాత ఇంకో ఇంటిది. ఎవరు పోయారో వాళ్ళకు తెలియదు. అది తర్వాత తెలుస్తుంది. ముందు ఏడవాలి.

అక్కడ పరుగెత్తి వచ్చే మనిషి అంటే చావు కబురు తెచ్చే మనిషే. బూర్గంపాడు దాటి అడవి వైపు మళ్ళాక ఏ గుంపులోనైనా ఇదే తీరు. ఒక ఊళ్ళో మనిషి పోతే చుట్టాల ఊళ్ళకు ఒకడు బయలుదేరతాడు. దారంతా ఎలా నడిచినా, ఊరు కంటపడగానే పరుగందుకుంటాడు. నడుమ ఎవరు పలకరించినా మాట్లాడడు, ఎవరిచ్చినా నీళ్ళు ముట్టడు. నేరుగా పటేలు వాకిట్లో ఆగి, అప్పుడు నోరు విప్పుతాడు. అందుకే వేరే ఏ పనికీ పెద్దవాళ్ళు పరుగెత్తరు. ఆటలో పిల్లలు ఉరికినా కసురుతారు.

పుష్పలత ఈ సంగతి ఎరగనిది కాదు. ఆ గుంపు కోడలై ఆరేళ్ళు దాటింది. ఎరిగీ ఆ పొద్దున మరిచిపోయింది. డొక్కలో పొడుస్తున్న నొప్పిని చేత్తో అదిమిపట్టి, నోరు తెరుచుకుని ఎగరొప్పుతూ ఇంటి ముందుకు వచ్చి పడేసరికి సగం ఊరు అక్కడుంది.

"ఎవరు పోయిండ్రే బిడ్డా? ఎవరు పోయిండ్రే?" ఏడుపు రాగంలోనే అడిగింది గంగక్క.

"ఎవరూ పోలేదవ్వా."

"మీ అమ్మగారి దిక్కా?"

"ఎవ్వరూ పోలే. ఉత్తగనే ఉరికిన."

గంగక్క ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు తుడుచుకుని పుష్పలతను కింది నుంచి పైదాకా చూసింది. "ఉత్తగ ఎవరన్న ఉరుకుతరానే? అక్కడ నా జావ మాడి బొగ్గయింది!"

కొందరు నవ్వారు. పటేలు సీతయ్య నవ్వలేదు. "చావు లేని ఇంటికి ఏడుపును పిలిచినవ్," అన్నాడు. ఒక కోడిని కోసి వాకిట్లో నెత్తురు చల్లమని పుష్పలత అత్త భీమక్కకు చెప్పి వెళ్ళిపోయాడు. గుడ్లు పెట్టే కోడి అది. అయినా భీమక్క కోసింది.

పుష్పలతకు ఒక కొలువు కావాలి. అంతకు మించి ఆమె అడిగింది లేదు. బూర్గంపాడులో ఇంటర్ చదివిన నాటి నుంచి ఆమె రాయని పరీక్ష లేదు. అంగన్‌వాడీ అన్నారు, పోస్టాఫీసు అన్నారు, ఏదీ అందలేదు. పెళ్ళయ్యాక కూడా రాసింది. ఆమె మగడు ముత్యాలు జామాయిల్ తోటల్లో చెట్లు కొట్టే పనికి పోతాడు. కిందటేడు దుంగ మీద పడి పాదం నలిగింది. అప్పటి నుంచి కుంటుతూనే పోతున్నాడు. వాళ్ళ పోడు చెలకలో అటవీ శాఖవాళ్ళు కందకం తవ్వి మొక్కలు నాటేశారు. ఇక మిగిలింది అడవిలో ఏరుకొచ్చుకునేదే. అలాంటప్పుడు, రెండువేల మూడో సంవత్సరంలో, ఏజెన్సీ ఆడపిల్లలను పోలీసు శాఖలోకి తీసుకుంటున్నారని తెలిసింది. వయసు సరిగ్గా అంచు మీద ఉంది. ఈసారి తప్పితే మళ్ళీ లేదు.

రాత పరీక్షంటే పుష్పలతకు బెదురు లేదు. కానీ అంతకన్నా ముందు ఖమ్మంలో పరుగు పరీక్ష. మైదానం చుట్టూ వాళ్ళు పెట్టిన గడువులోగా పరుగెత్తి రావాలి. ఎండాకాలం చివర్లో అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పరుగెత్తింది లేదు.

భద్రాచలంలో మిరపకాయ బజ్జీలు కొన్నప్పుడు పొట్లం కాగితంలో ఒక వ్యాసం కనిపించింది. పరుగు కొత్తగా మొదలుపెట్టేవారికి ఏ వేళ మంచిది అని. తెల్లవారుజామున గాలి శుభ్రంగా ఉంటుందట. సాయంత్రమైతే ఒళ్ళు సాగి ఉంటుందట, దెబ్బలు తక్కువట. వేళ ఏదైనా రోజూ అదే వేళకు పరుగెత్తడం ముఖ్యమట. మీకు వీలైన వేళను మీరే ఎంచుకోండి అని ముగించారు. ఆ చివరి మాటను పుష్పలత బస్సులో చాలాసార్లు చదివింది. చదువుతున్నప్పుడు అది చాలా చిన్న పనిలా అనిపించింది.

ఏడుపుల గొడవ తర్వాత కూడా ఆమె తెల్లవారుజామును వదల్లేదు. ఊరు దాటేదాకా నడిచి, తాటిచెట్ల అవతల పరుగు మొదలుపెట్టింది. అక్కడ ఇంకో చిక్కు. ఆ వేళకు దారికి రెండు పక్కలా ఆడవాళ్ళు చెంబులతో కూర్చుని ఉంటారు. అడుగుల చప్పుడు వినపడితే లేచి నిలబడాలి, మనిషి దాటిపోయాక మళ్ళీ కూర్చోవాలి.

"ఏందక్కా ఇది?" అంది గంగక్క కోడలు శ్యామల, మూడోసారి లేచి నిలబడి. "ఒక్కపారి పోతవేమో అనుకుంటే తిరిగి వస్తివి, మళ్ళ పోతివి. పొద్దున్నే మాకు గుంజిళ్ళు తీయిస్తున్నవా?"

చుట్టూ చీకట్లో నుంచి నవ్వులు. పుష్పలతకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మర్నాటి నుంచి తెల్లవారుజాము ఆమెది కాకుండా పోయింది.

పొద్దెక్కాక వీలు కాదు. అవి ఇప్పపూలు రాలే రోజులు. ఎండ ముదరక ముందే పూలు ఏరాలి, తెచ్చి ఆరబోయాలి, వాగు నుంచి నీళ్ళు మోయాలి, సంకటి వండాలి. మిట్టమధ్యాహ్నం మాత్రం దారి మీద పురుగు కూడా ఉండదు. అందుకని ఒకరోజు మధ్యాహ్నం పరుగెత్తింది. మట్టి దారి పెనంలా కాలుతోంది, గాలి పొయ్యి ముందు గాలిలా ఉంది. తారు రోడ్డు దాకా పోగలిగింది గాని తిరిగి రాలేకపోయింది. చింతచెట్టు కింద కక్కుకుని పడి ఉంటే భీమక్క వెతుక్కుంటూ వచ్చి నెత్తిన నీళ్ళు పోసింది.

"ఎండకు చచ్చినోళ్ళకు కొలువిస్తరా?" అంది. "లే. నా బుజం పట్టుకో."

సాయంత్రం మిగిలింది. సాయంత్రాలు దారి పక్కన తాటిచెట్ల కింద మగవాళ్ళు కల్లుకు చేరతారు.

"ఓ పోలీసమ్మా! మమ్ములను పట్టుకపోతవా ఏంది?"

"పట్టుకునుడు దేవుడెరుగు, ముందు ఉరుకుడు నేర్వనియ్ రా!"

"మా చెలకలో కందకం తవ్వేతందుకు ఈమెనే వస్తది సూడు రేపు, లాఠీ పట్టుకొని."

ఆ చివరి మాటకు ఎవరూ నవ్వలేదు. అక్కడే కూర్చున్న ముత్యాలు ముంతలోకి చూస్తూ ఉండిపోయాడు.

దాంతో పుష్పలత మసక పడేదాకా ఆగి, మట్టి దారి విడిచి తారు రోడ్డు పట్టుకుంది. రెండు రోజులు బాగానే గడిచింది. మూడోనాడు ఎదురుగా వచ్చిన పోలీసు జీపు ఆమె ముందు ఆగింది.

"ఎవరిని చూసి ఉరుకుతున్నవ్?" లోపలి నుంచి అడిగారు.

"ఎవరినీ కాదు సార్."

"మరి ఎవరి దగ్గరికి ఉరుకుతున్నవ్?"

"ఎవరి దగ్గరికీ కాదు సార్."

ఆ రోజుల్లో ఆ అడవిలో ఒక మనిషి ఎవరి నుంచీ కాక, ఎవరి దగ్గరికీ కాక పరుగెత్తుతుందంటే నమ్మేవాళ్ళు లేరు. అన్నలకు కబురు మోస్తోందేమోనని ఔట్‌పోస్టులో కూర్చోబెట్టారు. పోలీసు ఉద్యోగం కోసమే పరుగెత్తుతున్నానని ఆమె చెప్తే గది గదంతా నవ్వింది. సీతయ్యా ముత్యాలూ వచ్చి వేలిముద్రలు వేసి విడిపించుకున్నారు.

ఇంటికి వచ్చాక ముత్యాలు రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడత పుష్పా. ఇంక బంద్ చెయ్యి. అటు అన్నలు సూస్తరు, ఇటు వీళ్ళు సూస్తరు. నడుమ నేనున్న. ఉరుకుదామన్నా నాకు కాలు లేదు."

ఆమె బంద్ చేసింది.

ఆ తర్వాతి రోజుల్లో పుష్పలత పని చేస్తూనే ఉంది గాని, లోపల ఎక్కడో దీపం ఆరిపోయినట్టయింది. పూలు ఏరేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు రోజంతటినీ ఒక్కో ముక్కగా విడదీసి చూసుకునేది. ఈ ముక్క అడవిది, ఈ ముక్క పొయ్యిది, ఇది మగవాళ్ళది, ఇది పోలీసులది. ఎంత సన్నగా తరిగినా తన కోసం ఒక్క పలుకు మిగలడం లేదు. బజ్జీల కాగితాన్ని పొయ్యిలో వేసింది. అది నూనె కాగితం కాబట్టి బాగా మండింది.

భీమక్క పొట్టి మనిషి. ఎప్పుడూ నోట్లో చుట్ట. కోడలి పరీక్ష ఏమిటో, కొలువు ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. కానీ నాలుగు రోజులు పుష్పలత సంకటి ముద్దను కెలికి వదిలేయడం చూసి, ఐదోనాడు చుట్ట తీసి పక్కన పెట్టింది.

"నీకు నిజంగ ఉరుకబుద్ధయితున్నదా?"

"ఉరికితేనే కద అత్తా కొలువు."

"కొలువు సంగతి నాకెరుక లేదు. నేను పుట్టినకాన్నుంచి నడుస్తనే ఉన్న. యాడికీ పోలే." సంకటి ముద్దను కోడలి వైపు జరిపింది. "ఏ యాళ కావాలె నీకు?"

"తెల్లారగట్ల."

భీమక్క లేచి, చీర కొంగు బిగించి, ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంటికి పోయినా ఒకటే మాట. "రేపటి సంది నా కోడలు తెల్లారగట్ల ఉరుకుతది. అది ఉరికితే చావు కాదు. ఎవరూ లేవకుండ్రి, ఎవరూ ఏడ్వకుండ్రి." గంగక్కతో ఇంకో ముక్క చేర్చింది: "నీ ఏడుపు జర దాచుకోయే, అగ్గువకు పంచకు." శ్యామలనూ మిగతా ఆడవాళ్ళనూ బతిమాలి వాగు పక్కకు పోయేలా ఒప్పించింది. వాగు దూరమని వాళ్ళు గొణిగారు, అయినా పోయారు. చివరికి ఒక సీసా ఇప్పసారా పట్టుకుని సీతయ్య ఇంటికి వెళ్ళింది. అక్కడ ఎక్కువసేపు పట్టింది. తిరిగి వచ్చి, "పటేలు సరే అన్నడు. ఉరుకు," అంది.

అలా పుష్పలతకు ఒక వేళ దొరికింది.

మొదటి రోజు ఆమె అడుగుల చప్పుడుకు తలుపులు కిర్రుమన్నాయి గాని ఎవరూ బయటికి రాలేదు. వారం తిరిగేసరికి తలుపులు కూడా కదలడం మానేశాయి. బీడీలు చుట్టే తునికాకు కోత మొదలయ్యాక చీకటితోనే ఊరంతా అడవికి బయలుదేరేది. అప్పుడు ఆమె వాళ్ళ పక్క నుంచే ఉరికేది. "జరుగుండ్రి జరుగుండ్రి, పోలీసమ్మకు దారియ్యిండ్రి," అంటూ వాళ్ళే పక్కకు తప్పుకునేవారు. ఆమె తారు రోడ్డు దాకా పోయి వచ్చి, ఆనక వాళ్ళను కలుసుకుని ఆకు కోసేది. డొక్కలో నొప్పి మాయమైంది. నోరు మూసుకుని ముక్కుతోనే గాలి పీల్చడం పట్టుబడింది. నోరు తెరిస్తే, మాట్లాడితే ఊపిరి చెదిరిపోతుందని ఆమెకు అర్థమైంది. అందుకని ఎవరు పలకరించినా చెయ్యి మాత్రమే ఊపేది.

తారు రోడ్డు మీద రోజూ లచ్చిరాం ఎదురయ్యేవాడు. అవతలి తండా మనిషి. బూర్గంపాడుకు జీపులో మనుషులను చేరవేస్తాడు. పుష్పలతను చూడగానే రెండుసార్లు హారన్ కొట్టి, చెయ్యి బయటపెట్టి ఊపేవాడు. "సెల్లె, కొలువొచ్చినంక నా జీపును ఆపద్దు మల్ల!" అని ఒకసారి అరిచాడు. ఆమె నవ్వుతూ చెయ్యి ఊపింది. జీపులో వాళ్ళూ ఊపారు. ఆ కొద్ది రోజులూ ఆమె బతుకులో మంచి రోజులని చెప్పాలి. రాత్రి నిద్ర పట్టేది. తినేది. ముత్యాలు జామాయిల్ పనికి పోతూ పోతూ, "గడువులో ఉరుకుతవా?" అని అడిగితే, "ఉరుకుత," అంది.

పరుగు పరీక్ష ఇక కొన్నాళ్ళుందనగా ఒకరోజు పొద్దెక్కే వేళకు అడవిలో ఆకు కోస్తున్నారు. భీమక్క వంగి ఒక పొద కింది ఆకు అందుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏందో కుట్టినట్టయింది," అంది మామూలుగానే.

నాగుపాము ఆకుల్లో నుంచి సర్రున పోవడం శ్యామల చూసింది. పుష్పలత తన కొంగు చించి మోచేతి పైన కట్టింది. భీమక్క నడుస్తానంది. నాలుగడుగులు వేసి కూర్చుంది. కళ్ళ రెప్పలు బరువుగా వాలుతున్నాయి.

"నేనుంట ఇక్కడ," అంది శ్యామల. "లచ్చిరాం జీపు రెండో ట్రిప్పు పోయే యాళయింది. జల్దీ పో అక్కా. నీ లెక్క ఎవరు ఉరుకుతరు?"

పుష్పలత పరుగెత్తింది. అంత బాగా ఎప్పుడూ పరుగెత్తలేదు. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి, ఊపిరి తాడు పేనినట్టు సాఫీగా సాగుతోంది. కాలిబాట వెంట ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని కొందరు ఊళ్ళోకి వెళ్తున్నారు. ఆమె చప్పుడు వినగానే అలవాటుగా పక్కకు తప్పుకున్నారు.

"ఇయ్యాల రెండోపారి ఉరుకుతున్నదే!"

"పరీచ్ఛ దగ్గర పడ్డది కద. ఉరుకనీ."

ఆగి చెప్పాలనుకుంది. ఆగితే జీపు పోతుందనుకుంది. వాళ్ళు చేసేదేముంది, కావాల్సింది జీపు కదా అనుకుంది. ఇదంతా నాలుగు అంగల్లోనే అనుకుంది, అప్పటికే వాళ్ళను దాటిపోయింది. ఊళ్ళో నుంచి పోతుంటే గంగక్క వాకిట్లో కూర్చుని పేడ కలుపుతోంది. తలెత్తి చూసి, తల దించుకుంది. ఒక్క మనిషి కూడా లేవలేదు.

తారు రోడ్డు ఎక్కుతూనే జీపు కనిపించింది. ఎదురుగా వస్తోంది. పుష్పలత రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆగమని అరవడానికి నోరు తెరిచింది. ఊపిరి బయటికి వచ్చింది గాని గొంతు రాలేదు. లచ్చిరాం రెండుసార్లు హారన్ కొట్టాడు. చెయ్యి బయటపెట్టి ఊపాడు. వెనక కూర్చున్న వాళ్ళూ ఊపారు. జీపు ఆమె పక్క నుంచే వెళ్ళిపోయింది.

మలుపు దాకా దాని వెనక ఉరికి, అక్కడ ఆగింది. రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగి ఊళ్ళోకి వచ్చి సీతయ్య వాకిట్లో నిలబడేసరికి ఆయన మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏం బిడ్డా, ఇయ్యాల బాగ అలిసిపోయినవ్?"

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "అత్తను పాము కుట్టింది తాతా."

భీమక్కను మంచం మీద మోసుకొచ్చి రోడ్డు పక్కన దించారు. లచ్చిరాం తిరుగు ట్రిప్పులో వచ్చి, చూసి, ఎక్కిన వాళ్ళందరినీ దించేశాడు. జీపును ఎలా తోలాడో అతనికే తెలియదు. భద్రాచలం దవాఖానాకు పోవాలంటే గోదావరి వంతెన దాటాలి. వంతెన ఇంకా రాకముందే భీమక్క చెయ్యి పుష్పలత ఒడిలో నుంచి జారిపోయింది.

తెలిసి ముత్యాలు వచ్చాడు. దినాలు జరిగినన్నాళ్ళూ పెళ్ళాంతో మాట్లాడలేదు. అన్నీ అయ్యాక ఒక సాయంత్రం అడిగాడు.

"జీపు ఆగలేదా?"

"ఆగలేదు."

"ఊళ్ళకెల్లి పోయినవ్ కద. ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

అతను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే, కొట్టి ఉన్నా బాగుండేదని ఆమెకు అనిపించింది. ఊళ్ళో కూడా ఎవరూ మాట అనలేదు. వాకిట్లో కోసిన కోడి సంగతి ఎవరూ ఎత్తలేదు. లచ్చిరాం ఒకరోజు వచ్చి అరుగు అంచున కూర్చుని, తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "రోజు లెక్కనే అనుకున్న సెల్లె. చెయ్యి ఊపుతున్నవనుకున్న," అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండానే వెళ్ళాడు. గంగక్క మాత్రం ఆమె తల నిమురుతూ, "నీవు ఉరికే యాళ కాదు కదా అది. ఆ తెలివి నాకెందుకు రాలేదే బిడ్డా? పొద్దు నెత్తి మీదికి వస్తుంటే చూసి కూడ నేను లేవకపోతి," అని ఏడ్చింది.

పరుగు పరీక్ష ఇంకా రానే లేదు.

"పో," అన్నాడు ముత్యాలు. గోడ వైపు చూస్తూ అన్నాడు. "అమ్మ ఇల్లిల్లు తిరిగి అడుక్కున్న యాళ అది. ఉత్తగ పోనియ్యకు."

మర్నాడు తెల్లవారుజామున పుష్పలత లేచింది. వాకిలి దాటి పరుగు అందుకుంది. రెండో ఇల్లు దాటకముందే తలుపు తీసిన చప్పుడు. మనిషి బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆ పక్క తలుపూ తెరుచుకుంది. ఏడవలేదు, కేకలేయలేదు. వచ్చి గడప మీద నిలబడి ఆమె ముఖంలోకి చూస్తున్నారు, ఈసారి నిజమేమో అని. సీతయ్య కర్ర పట్టుకుని దారి మీదికే వచ్చేశాడు.

"ఏం కాలేదు తాతా. ఏం కాలేదు," అంది ఆమె.

గంగక్క ఇంటి దగ్గర మళ్ళీ చెప్పాలి. "ఏం కాలేదవ్వా." ఆ పక్క ఇంటి దగ్గరా చెప్పాలి. ప్రతి గడపకూ చెప్పుకుంటూ పోతే ఊపిరి చెదిరి, డొక్కలో ఆ పాత నొప్పి పొడిచింది. ఆ తర్వాతి రోజూ అంతే. లేవొద్దని వాళ్ళను అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ మాట అడిగిన మనిషి ఇప్పుడు లేదు. మూడో రోజు నుంచి ఆమె వాకిలి దాటలేదు.

పరీక్ష నాడు మాత్రం ఇద్దరూ చీకటితోనే బయలుదేరారు. వేళకు ఖమ్మం చేర్చే బస్సు పొద్దున ఒక్కటే. ముత్యాలు సంచి పట్టుకున్నాడు. అతని కాలు వల్ల మెల్లగా నడిచారు. తాటిచెట్లు దాటి తారు రోడ్డు కనపడేంత దూరం వచ్చేసరికి బస్సు వచ్చి ఆగింది, ఆ రోజు కాస్త ముందుగానే. డ్రైవరు వీళ్ళను చూసి హారన్ కొట్టాడు. కండక్టరు మెట్టు మీద నిలబడి, చేత్తో రేకు మీద దబదబా బాదాడు.

"ఉరుకమ్మా, ఉరుకు! టైమైతున్నది!"

"పో పుష్పా," సంచి ఆమె చేతిలో పెట్టాడు ముత్యాలు. "నన్ను చూడకు. నువ్వు ఉరుకు, అందుతది."

అందుతుందని ఆమెకూ తెలుసు. ఆ పాటి దూరం ఆమెకు ఇప్పుడు లెక్కలోది కాదు. ఒకసారి వెనక్కి చూసింది. ఊరు మొదట్లో, చీకటీ వెలుగూ కలిసిన చోట, హారన్ చప్పుడుకు లేచి వచ్చిన గంగక్క నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకెవరో ఇద్దరు. అంతా ఇటే చూస్తున్నారు.

పుష్పలత పెద్ద అంగలు వేసింది. ఇంకా పెద్ద అంగలు వేసింది. మడమ నేల నుంచి లేచి పరుగు అందుకోబోయిన ప్రతిసారీ కాలు దానంతటదే మళ్ళీ నేలను పట్టుకుంటోంది. సంచి మోకాలికి కొట్టుకుంటోంది.

"ఏందమ్మా గట్ల నడుస్తున్నవ్? పెళ్ళికి పోతున్నవా?" కండక్టరు అరిచాడు. ఇంకాసేపు ఆగాడు. పాపం, బాగానే ఆగాడు. తర్వాత లోపలికి వెళ్ళి గంట కొట్టాడు.

బస్సు కదిలి మలుపు తిరిగింది. రోడ్డు దాకా పోయి, అక్కడ సంచి కింద పెట్టి నిలబడింది పుష్పలత. ముత్యాలు కుంటుకుంటూ వచ్చి చేరడానికి కొంతసేపు పట్టింది. అతనూ వెనక్కి తిరిగి, ఊరు మొదట్లో నిలబడ్డవాళ్ళను చూశాడు.

"ఇంకో బస్సుకు పోతే?" అన్నాడు.

"అది పోయేసరికి అయిపోతది."

"లచ్చిరాంను అడుగుదామా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వంగి సంచి తీసుకుంది.

"ఇంటికి పోదాం పా," అంది. "అవ్వ అట్లనే నిలబడ్డది. ఏం కాలేదని చెప్పాలె."